మేయరు విడిచిన హక్కు

సెవ్దియె చావింట పంచే హల్వా అడుగంటకుండా కలుపుతోంది. భర్త నెవ్‌జాత్ నిన్న సాయంత్రం పోయాడు. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననం. చేతులకు ఏదో ఒక పని ఉండాలని గరిటె ఎవరికీ ఇవ్వలేదు.

"మేయరుగారు వస్తున్నారట అక్కా," అంది పక్కింటి ఎమినె. "ముందు వరసలో నిలబెడతారట."

"నిలబెట్టనీ. మసీదుకి సున్నం వేయించింది ఆయనేగా."

గుమ్మంలో ఉన్న మరిది సబ్రికి ఆ గొంతు నచ్చలేదు. "వదినా, ఇవాళొక్కరోజైనా ఊరుకో. ఆయన ఆనాటి ఫిక్రెత్ కాడు. అన్నయ్యని డయాలిసిస్‌కి ఎవరు పంపించారు? ఊరికి మంచినీళ్లెవరు తెచ్చారు?"

"ఆయనే. నేను కాదన్నానా? పోయిన ఎన్నికల్లో ఓటు కూడా వేశాను."

"మరింకేం?"

"ఓటు ఈనాటి ఫిక్రెత్‌కి వేశాను సబ్రీ. ఆనాటివాడు ఇంతవరకూ నా గుమ్మం తొక్కలేదు."

ఆనాటివాడెవరో సబ్రికి చెప్పక్కర్లేదు. బల్గేరియాలో టర్కిష్ వాళ్లందరికీ ప్రభుత్వం బలవంతంగా బల్గేరియన్ పేర్లు పెట్టిన 1984-85 చలికాలం అది. ఈ పొగాకు పల్లెలో కమ్యూనిస్టు పార్టీ మనిషి ఫిక్రెత్. ముందు తన పేరే ఫిలిప్ అని మార్చుకున్నాడు. తర్వాత పోలీసులను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నెవ్‌జాత్‌ను "నికొలాయ్" అని పిలిచాడు. నెవ్‌జాత్ పలకలేదు. పలకనందుకు నదిలో దీవి మీదున్న జైలుకు పంపారు. అక్కడ పాడైన అతని కిడ్నీలు మళ్లీ బాగుపడలేదు. ప్రభుత్వం మారాక అందరూ పాత పేర్లు తెచ్చుకున్నారు. ఫిక్రెత్ కూడా తెచ్చుకున్నాడు.

మసీదు ముంగిట్లో రాతి దిమ్మ మీద శవపేటిక ఉంది. ఆడవాళ్లు వెనక కుళాయి దగ్గర నిలబడ్డారు. నమాజు ముగిసింది. ఇమాం ఎప్పటిలాగే జనాన్ని మూడేసి సార్లు అడిగాడు.

"ఇతను ఎలాంటివాడు?"

"మంచివాడు."

"ఇతను మీకేమన్నా అన్యాయం చేసి ఉంటే, అతన్ని నిలదీసే మీ హక్కు విడిచిపెట్టారా?"

"విడిచాం."

మూడోసారి అడిగినప్పుడు మేయరు గొంతు అందరికంటే పైకి వినబడింది. ఊళ్లో ఎవరు పోయినా ఆయన అలాగే అనేవాడు.

"విడిచాను. మనస్ఫూర్తిగా విడిచాను."

సెవ్దియె మగవాళ్ల వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. ఇన్నేళ్లూ ఆమె ఆయన్ని 'మీరు' అనే అనేది; ఊరి బడిలో పాఠాలు చెప్పిన ఆమెని ఆయన 'టీచరుగారూ' అనేవాడు.

"ఏం విడిచావు ఫిక్రెత్?"

"టీచరుగారూ..."

"నెవ్‌జాత్ నీకేం చేశాడని? క్షమాపణ అడగాల్సినవాడివి, నువ్వే ఇచ్చేస్తున్నావే."

"శవం ముందు ఇదేంటి వదినా," అన్నాడు సబ్రి.

"పాతవి తవ్వకమ్మా," అన్నాడు ఒక ముసలాయన. "మేయరుగారు మనకెంత చేశారు."

"చేశారు తాతా. నేను మాట్లాడుతోంది మేయరుగారితో కాదు."

ఫిక్రెత్ తల వంచుకున్నాడు.

"అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు."

"ఆయనకి ఇరవై ఆరు."

అతను పేటిక వైపు తిరిగాడు. "నెవ్‌జాత్," అన్నాడు. ఉపన్యాసాలిచ్చే గొంతు కాదది, పక్కవాళ్లకే సరిగా వినబడలేదు. "నెవ్‌జాత్ అన్నా, నీ హక్కు నాకు విడిచిపెట్టు."

అందరూ సెవ్దియె వైపు చూశారు.

"అడిగాడుగా వదినా. విడిచామని చెప్పు."

"మీ అన్నయ్యని అడిగాడు. ఆయన తరఫున నేను చెప్పను." ఆమె ఫిక్రెత్ వైపు తిరిగింది. "నా హక్కు నాకుంది. అది ఇక్కడ, ఇంతమందిలో అడిగేది కాదు."

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు ఫిక్రెత్.

"ఏ రోజైనా రా. మేయరుగారిని ఇంటి దగ్గర వదిలేసి రా. విడుస్తానని మాత్రం అనుకోకు."

ఇమాం సైగ చేశాడు. పేటిక భుజాల మీదికి లేచింది. ఆడవాళ్లు మసీదు దగ్గరే ఆగిపోవడం ఊరి పద్ధతి. ఎమినె వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. సెవ్దియె ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, భర్త వెనకే శ్మశానం దారి పట్టింది.