అందరూ బాగున్న మీటింగు

నరసాపురం దగ్గర ఒక లేసు సెంటరు. సోమవారం పొద్దున్నే ఆడవాళ్లంతా ఉతికిన చీరలు కట్టుకొచ్చి చాపల మీద కూర్చుంటారు. ముందు ప్రార్థన, తరవాత పని లెక్క. మేనేజరు అనిల్ కుమార్ ఒక్కో జట్టునూ పిలుస్తాడు. జట్టు నాయకురాలు లేచి, వారం పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. టార్గెట్ అందితే బోర్డు మీద పచ్చ చుక్క, అందకపోతే ఎర్ర చుక్క. పచ్చ చుక్క పడితే చప్పట్లు. బాగానే ఉంది కదండీ, ఇందులో తప్పేముంది అంటారు మీరు. కాస్త ఆగండి.

ఈ ఆడవాళ్లు చిన్నప్పటి నుంచి చర్చిలో సాక్ష్యాలు చెబుతూ పెరిగినవాళ్లు. పదిమందిలో లేచి నిలబడితే జరిగిన మేలు చెప్పి, దేవుడికి వందనాలు చెప్పి కూర్చోవాలి. మన ఏడుపు పదిమంది ముందు పెట్టకూడదన్నది వాళ్ల మర్యాద. చర్చిలో ఆ మర్యాద అందమే. దాన్నే తీసుకొచ్చి మీటింగులో పెట్టారు, అదీ వాళ్లు చేసిన పొరపాటు. "ప్రోగ్రెస్ ఎలా ఉందమ్మా?" అని అనిల్ కుమార్ అడగడం, "దేవుని కృప వల్ల బాగానే ఉందండి" అని వీళ్లనడం. బాగుందన్నాక టార్గెట్ పెంచడానికి ఆయనకేం అడ్డం? పెంచుకుంటూ పోయాడు.

ఒక జట్టుకు తబిత నాయకురాలు. ఆ జట్టులో ఆమె పెద్దమ్మ సంపూర్ణమ్మ కూడా ఉంది. తబితకు లేసు అల్లిక నేర్పింది ఆవిడే. వేసవి నుంచి ఆవిడకి చూపు మసకేస్తోంది. తెల్లదారాన్ని వేళ్లతో తడుముకుంటూ అల్లేది. పాపం, జట్టులో వాళ్లు ఆవిడ వాటా కూడా తలా కాస్త పంచుకుని అల్లేవారు. అందుకే పచ్చ చుక్క తప్పలేదు.

"రాజమండ్రి కంటాసుపత్రికి వెళ్లొస్తానే తబితా. సెలవడిగి పెట్టు" అంది సంపూర్ణమ్మ. ఆర్డరు నడుస్తుండగా సెలవు కావాలంటే మీటింగులోనే అడగాలి. అడక్కుండా మానేస్తే పని పోతుంది.

"ఈ సోమవారం అడుగుతాను పెద్దమ్మా."

సోమవారం వచ్చింది. తబిత లేచింది. "సార్... మా పెద్దమ్మకి..." అని ఆగింది. అందరూ తననే చూస్తున్నారు.

"చెప్పమ్మా, ఏంటి?"

"ఏం లేదండి. అంతా బాగానే ఉందండి."

చప్పట్లు కొట్టారు. సంపూర్ణమ్మ కూడా కొట్టింది! "పోనీలేవే, వచ్చే వారం అడుగుదువులే" అని ఆవిడే ఓదార్చింది. వచ్చే వారమూ అంతే, ఆ పై వారమూ అంతే.

చివరికి ఒక పొద్దున్న సంపూర్ణమ్మ సెంటరు గుమ్మం కనబడక తలుపుచెక్కకు కొట్టుకుని పడింది. అప్పుడు బయల్దేరారు ఇద్దరూ రాజమండ్రికి.

డాక్టర్ కృపారాణి చాలాసేపు పరీక్ష చేసింది. "నీటికాసులమ్మా ఇవి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన కాస్తా నిలబెట్టడానికి చూద్దాం. ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదు?"

"సెలవు లేదండి."

"అడిగితే ఇవ్వనన్నారా?"

తబిత తల దించుకుంది. "మీటింగులో అడగాలండి. అడగలేకపోయాను."

"వారం వారం కూర్చుని మాట్లాడుకుంటారు కదమ్మా! మనిషి సంగతి రానప్పుడు ఇంక దేనికి ఆ మీటింగు?"

తరవాతి సోమవారం తబిత లేచి నిలబడి, "బాగోలేదండి" అంది. ఏడుస్తూనే అంతా చెప్పింది. పెద్దమ్మ కళ్ల సంగతి, పెరిగిన టార్గెట్ సంగతి, వేళ్లు వంగక జట్టు పడుతున్న అవస్థ. ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. అనిల్ కుమార్ సుద్దముక్కతో బోర్డు దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్లూ?" అన్నాడు. మళ్లీ తనే, "చెప్పినా నేనేం చేసేవాణ్ణి? రేపు కాకినాడలో మా పైవాళ్లు పెట్టే మీటింగులో నేను లేచి బాగోలేదంటే, ఎల్లుండికి నా కుర్చీలో ఇంకొకడుంటాడు. అక్కడ నేనూ బాగుందనే చెబుతానమ్మా" అన్నాడు. బోర్డు వైపు తిరిగి పచ్చ చుక్కే పెట్టాడు. ఆ రోజు చప్పట్లు లేవు.

అయ్యా, అమ్మా, మీ ఆఫీసులోనూ ఇలాంటి మీటింగు ఉండే ఉంటుంది. బాగోలేదని చెప్పే వీలు అందులో లేకపోతే, మీ పక్కన కూర్చున్న మనిషికి ఏమవుతోందో మీకు ఎన్నటికీ తెలియదు.