చిలికిన మందు

మా ఊరు పాలోచ్‌లో చమురు భూమిలోంచి వేడిగా వస్తుంది. చల్లారితే ఆవుకొవ్వులా పేరుకుపోతుంది. పైపులో పేరుకుందా, ఇక కదలదు. పైపును వేడిగా ఉంచే హీటరు చెడిపోయిన రోజునుంచి అంతా మందు మీదే నడిచింది. పాలలా తెల్లగా ఉండే ఆ మందును బావి దగ్గరే సన్నధారగా ఎక్కిస్తే చమురు గడ్డకట్టదు.

ఆ పని మా ఊరివాళ్ళలో మొదట నాకే దక్కింది.

"హీటరు బాగయ్యేదాకా చమురు ఆగకుండా చూడు వియూ. ఆగిందంటే మళ్ళీ పై ఊరివాళ్ళనే పెట్టుకుంటా" అన్నాడు ఇంజనీరు టోంబే.

మిగిలింది ఒక్క డ్రమ్ము. వానలకు దారంతా బురద, కొత్తది రాదు. ఎండకు మందు విడిపోయి పైకి తేలుతుంది కనుక తెడ్డుతో మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఆ మధ్యాహ్నం టోంబే పిలిచాడు. చమురు స్టేషన్లో వంటచేసే మా మరదలు ఆడుట్‌కు తెడ్డు ఇచ్చి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆడుట్, మరో ఇద్దరాడవాళ్ళు డ్రమ్ముకు మూత బిగించి, పడుకోబెట్టి, పాట పాడుతూ అటూ ఇటూ దొర్లిస్తున్నారు.

"ఏం చేస్తున్నారే!"

"తెడ్డుతో తిప్పితే ఎప్పటికయ్యేను బావా? మీగడ తేలిన పాలను ఊపాలి."

"అవి పాలు కావే!"

"మగాడివి, పాల సంగతి నీకేం తెలుసు? ఎప్పుడైనా పితికావా, చిలికావా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

మూత తీశాను. తేటనీళ్ళలో తెల్లటి ముద్దలు. పిసికితే వేళ్ళకు జిగురుగా సాగాయి గాని కలవలేదు. నీళ్ళు పోసి చూశాను, తెడ్డుతో తిప్పి చూశాను. ముద్దలు ముద్దలుగానే ఉన్నాయి.

ఆడుట్ మొహం అప్పుడు వాడింది. "బావా, వెన్న పడిందిగా..." అంది చిన్నగా.

పొద్దు వాలేసరికి చమురు మందగించింది. తర్వాత ఆగింది. టోంబే పైపు తడిమి చూసి, డ్రమ్ములోకి తొంగిచూశాడు.

"మందును చిలికిందెవరు?"

ఆడుట్ కళ్ళు దించుకుంది. ఆ వంటపని పోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు.

"నేనే" అన్నాను.

పై ఊరివాళ్ళు వచ్చారు. నా తెడ్డు వాళ్ళ చేతికి పోయింది. నేను పశువుల మందకు తిరిగొచ్చాను. మాలో మగాడు పాలు పితకడు, చిలకడు. అయినా నేను చిలికానన్న మాట నాకంటే ముందే అక్కడికి వచ్చి కూర్చుంది.

"వియూ! మా ఆవిడకు నడుం నొప్పిరా, వచ్చి కాస్త పాలు చిలికే సొరబుర్ర ఊపిపెట్టు!"

మంద దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. నిజం చెబితే ఆడుట్ పని పోతుంది. ఆవు కట్టుతాడు విప్పి మళ్ళీ కట్టాను.