కిటికీలోంచి వచ్చిన పేరు

పెళ్ళి ఆదివారం. పెళ్ళికొడుకు ఆర్కాది గురువారం మధ్యాహ్నమే దిగాడు.

గ్లికేరియా ముసలమ్మ బల్ల చివర కూర్చుని క్యాబేజీ ఆకుల్లో మాంసం కూరి చుడుతోంది. ఎనభై మూడేళ్ళొచ్చినా ఆమె చుట్టిన సర్మాలె ఒక్కటీ కుండలో విడిపోదు. చచ్చిపోయిన తమ్ముడు గవ్రీల్ ఇల్లు ఇది. ఆ తమ్ముడి కొడుకు టొవాదర్, కోడలు సవేతా, వాళ్ళ కూతురు అనీసియా. అనీసియాకే ఇప్పుడు పెళ్ళి. ఇటలీలో, టొరీనో ఆసుపత్రిలో పనిచేస్తూ అక్కడే ఈ కుర్రవాణ్ణి చూసుకుంది. కుర్రవాడిది సరిహద్దు అవతల, ఉక్రెయిన్ వైపు. అక్కడా వీళ్ళ భాషే మాట్లాడే ఊళ్ళున్నాయి కనుక మాటకేమీ ఇబ్బంది లేదు. ఒక్కటే చిక్కు. వీళ్ళ ఇంటిపేరు లుపు, వాళ్ళది లుపుల్. రెంటికీ అర్థం తోడేలే.

"ఇందులో ఏముంది మామయ్యా," అన్నాడు ఆర్కాది ప్లమ్ సారా గ్లాసు పట్టుకుని. "మావైపు లుపుల్ లేని సందు లేదు. బస్సు నడిపేవాడు లుపుల్, పళ్ళు పీకేవాడు లుపుల్. కెనడాలో మావాళ్ళు దిగిన చోట గోధుమ చేల పక్కన శ్మశానం ఉంది, సగం రాళ్ళ మీద లుపుల్ అనే రాసుంటుందట. టొరీనోలో మా మేస్త్రీ అయితే లూపో అంటాడు. వాడికి నోరు తిరగదు."

"మా అమ్మాయిని మొదట్లో నువ్వు ఏమని పిలిచావో చెప్పు," అంది సవేతా నవ్వుతూ.

"చెల్లెమ్మా అని. పేరు చూసి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే అతను అన్నాడు: "అసలు తమాషా ఇవాళే తెలిసింది. ఎప్పుడడిగినా మాది రదౌత్సు అని పట్నం పేరు చెప్పేది అనీసియా. దారిలో ఫ్రసీను అని బోర్డు చూసి బండి ఆపేశాను. మా తాత పుట్టింది ఫ్రసీనులోనే. వెంటనే ఫోన్ చేశాను. పెద్దాయన ఏడ్చేశాడు. శనివారం వస్తున్నాడు. ఇక్కడ ఆయనకి ఒక అన్న ఉండేవాడట, గవ్రీల్ అని. గ్లికేరియా అని అక్క కూడా."

గ్లికేరియా చేతిలో ఆకు చిరిగింది.

"మీ తాత పేరేమిటి?" అన్నాడు టొవాదర్. గొంతులో నవ్వు లేదు.

"ఇలారియోన్."

టొవాదర్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. వాళ్ళ నాన్న గవ్రీల్ చనిపోయేదాకా తలుచుకుని కుమిలిన తమ్ముడు ఇలారియోన్. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి ఏడాది మేనమామ పిండిమర దగ్గర పనికని ఏటికి అవతల ఉంచారు పదేళ్ళవాణ్ణి. అప్పటికి అది ఒకే దేశం. ఆ వసంతంలో మధ్యన సరిహద్దు గీత గీశారు. తర్వాత అవతలి కొత్త సర్కారు వాణ్ణి రైలెక్కించి కజకిస్తాన్ పంపేసిందని ఒకసారి విన్నారు. ఇంక ఏ కబురూ లేదు.

"అయితే మీ తాతా మా నాన్నా అన్నదమ్ములు," అన్నాడు టొవాదర్ మెల్లగా.

అనీసియా మొహం తెల్లబోయింది. సవేతా శిలువ గుర్తు వేసుకుంది. ముసలమ్మ తల ఎత్తలేదు. ఇంకో ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది.

ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళలో ఆ మాట నిజం కాదని తెలిసింది ఆమెకొక్కదానికే.

సాయంత్రానికి ఫాదర్ విసారియోన్ ఇంటికే వచ్చారు. మంచివాడే, కానీ నియమం దగ్గర మేకు లాంటి మనిషి. "ఇద్దరి తాతలూ ఒక తల్లి బిడ్డలైతే ఈ తలల మీద పెళ్ళి కిరీటాలు పెట్టడం నా చేతుల్లో లేదు టొవాదర్. బిషప్ గారిని అడగాలి. ఆదివారం లోపల అది అయ్యే పని కాదు. అడిగినా ఔనంటారని నేను చెప్పలేను."

"టొరీనోలో సంతకాలు పెట్టేశాం ఫాదర్," అంది అనీసియా. "చట్టప్రకారం భార్యాభర్తలం."

"అది నీకూ ఇటలీవాళ్ళకూ సంబంధించిన విషయం తల్లీ."

గ్లికేరియా లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మూసి మంచం మీద కూర్చుంది.

డెబ్బై నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. శీతాకాలం. ఏటి ఒడ్డు గుడిసెలో ఒక ఒంటరి ఆడదానికి ముగ్గురు బిడ్డలు వరసగా పోయారు. నాలుగోవాడు నెలల పిల్లవాడు, నీలంగా మారిపోతున్నాడు. ఆమె వాణ్ణి దుప్పట్లో చుట్టి లుపు వాళ్ళ కిటికీ దగ్గరికి తెచ్చింది. ఊళ్ళో ఎవరి బిడ్డ చావుబతుకుల్లో ఉన్నా ఆ కిటికీకే తెచ్చేవారు. ఎందుకంటే ఆ ఇంటి పేరే అలా పుట్టింది. ఎప్పుడో ముత్తాతల కాలంలో పిల్లలు దక్కని ఒకామె తన పసివాణ్ణి కిటికీలోంచి పొరుగింటికి అమ్మేసి, వీడు నా కొడుకు కాడు, తోడేలు అంది. వెతుక్కుంటూ వచ్చిన చావు తోడేలు పేరు విని బెదిరి వెనక్కి పోయింది. వాడు బతికాడు. వాడి పేరు ఇంటిపేరైంది. తర్వాత ఆ కిటికీలోంచి వచ్చిన పిల్లల్లో కొందరు ఆ పేరుతోనే పెరిగి, పేరు వెంటబెట్టుకుని ఏరు దాటారు, సముద్రాలూ దాటారు; ఏటి అవతల నోళ్ళలో లుపు కాస్తా లుపుల్ అయింది. ఆర్కాది చెప్పిన ఆ లుపుల్‌లందరూ ఒక నెత్తురు కాదు. సగం మందిది ఆ కిటికీయే.

ఆ రోజు గ్లికేరియా అమ్మ, బయట నిలబడ్డ ఆడదాని చేతిలో కొన్నట్టుగా ఒక నాణెం పెట్టింది. లోపలి నుంచి చేతులు చాపి బిడ్డను అందుకుంది తొమ్మిదేళ్ళ గ్లికేరియా. మామూలుగా బిడ్డ కోలుకున్నాక తల్లి వచ్చి తీసుకెళ్ళేది. ఈ తల్లి రాలేదు. వారం తిరక్కుండానే జ్వరంతో పోయింది. వాడు ఇలారియోన్ లుపు అయ్యాడు. అమ్మ కూతురి గడ్డం పట్టుకుని చెప్పింది: "వీడి మొదటి పేరు, వీడు ఎవరి బిడ్డో నీ నోట రాకూడదు. చావు వింటుంది. విని వాడు ఎక్కడున్నా వెళ్తుంది."

ఇది వట్టి మాట కాదని ఆ మరుసటేడే చూసింది. పింటిలీ వాళ్ళ పిల్లనూ ఇలాగే కొన్నారు. దాని అమ్మమ్మ బావి దగ్గర మరిచిపోయి పాత పేరుతో పిలిచింది. పండగకల్లా పిల్ల లేదు.

శుక్రవారం పొద్దున్నే అనీసియా వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మామ్మా, నీకేదో తెలుసు."

"నాకేం తెలుసే. ముసలిదాన్ని."

"నిన్న ఆయన పేరు చెప్పగానే సంతోషపడతావనుకున్నా. పోయాడనుకున్న తమ్ముడు బతికున్నాడు. నువ్వు నవ్వలేదు, ఏడవలేదు. క్యాబేజీ చుట్టావు."

"వంట ఎవరు చేస్తారు మరి, మీ అమ్మా? అది ఉప్పు చూసుకోదు."

"మామ్మా," అంది అనీసియా. "ఆర్కాది నిన్న రాత్రి నా పక్కన కూర్చోలేదు. ఎదురుగా కూర్చున్నాడు. నా చెయ్యి ముట్టుకోవడానికి భయపడుతున్నాడు. ఇలా ఇంకో రెండు రోజులు ఉంటే వాడు వెళ్ళిపోతాడు. నేనూ ఉండమనను."

ముసలమ్మ దాని జుట్టు నిమిరింది. నోరు తెరిస్తే ఈ పిల్ల బతుకు నిలబడుతుంది. నోరు తెరిస్తే తాను చేతుల్లోకి అందుకున్న ఆ బిడ్డ పోతాడు. అరవై నాలుగేళ్ళ తర్వాత రేపు చూడబోతున్న వాణ్ణి తనే చంపినట్టవుతుంది.

"రేపు వాణ్ణి రానీ," అంది చివరికి.

శనివారం ఎండ నడినెత్తికి వచ్చేసరికి బండి గేటు ముందు ఆగింది. దిగినవాడు సన్నగా, నిటారుగా ఉన్నాడు. కజకిస్తాన్ చలికి ఒక చెవి అంచు తెగిపోయి ఉంది. వాకిట్లో ఫాదర్‌తో సహా అందరూ నిలబడి ఉన్నారు. అతను ఎవరినీ చూడకుండా ఇంటిని చూశాడు. తర్వాత ముసలమ్మ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వు కుదించుకుపోయావే."

"నువ్వు సాగావు," అంది ఆమె. అతని భుజానికి మొహం ఆనించి చాలాసేపు వదల్లేదు.

టొవాదర్ ఆగలేకపోయాడు. "బాబాయ్, అడగడానికి నోరు రావడం లేదు గానీ, నువ్వు మా తాత వసీలే కొడుకువేగా?"

"ఇంకెవరి కొడుకుని?" అన్నాడు ఇలారియోన్ నవ్వి. "కజకిస్తాన్‌లో ఆకలికి ఉన్నప్పుడు ఈ వాకిలి తలుచుకునే పడుకునేవాణ్ణి. వసీలే లుపు కొడుకుని, గవ్రీల్ తమ్ముణ్ణి. అదొక్కటే నా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేకపోయారు."

ఫాదర్ తల దించుకున్నారు. అనీసియా ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆర్కాది ఆమె వెనక వెళ్ళబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ ఆగడం చూశాక గ్లికేరియా ఇక ఓర్చుకోలేకపోయింది.

"రారా, తోట చూద్దువుగాని," అని ఇలారియోన్ మోచెయ్యి పట్టుకుంది.

ప్లమ్ చెట్ల మధ్య నిలబెట్టి అడిగింది. "నేనొక మాట చెప్తే నీ ప్రాణానికే ముప్పు రావచ్చు. చెప్పనా?"

"ఏం మాట?"

"ముందు చెప్పనా వద్దా అను."

అతను ఆమె మొహం కేసి చూశాడు. "చావు నా కోసం చాలాసార్లు వచ్చింది అక్కా. చూసి వెళ్ళిపోయింది. చెప్పు."

ఆమె చెప్పింది. పేర్లు లేకుండా కిటికీ, దుప్పటి, నీలం తిరిగిన పెదాలు, నాణెం, రాని తల్లి. చెబుతున్నంతసేపూ కళ్ళు అతని ఛాతీ మీదే, ఊపిరి ఆడుతోందా లేదా అని. అతను కదల్లేదు. అంతా అయ్యాక చెట్టు మొదలుకు ఆనుకున్నాడు.

"అంటే నేను ఈ ఇంటివాణ్ణి కాదు."

"కిటికీలోంచి అందుకున్నది నేనేరా."

"అన్నేళ్ళు," అన్నాడతను. "అన్నేళ్ళు నేను తలుచుకున్నది వేరేవాళ్ళ వాకిలి. నిన్నటిదాకా నాకు ఒక అన్న ఉండేవాడు, చచ్చినా సరే. ఇప్పుడు వాడూ లేడు. ఇది చెప్పడానికా నన్ను తోటలోకి రమ్మంది?"

గిరుక్కున తిరిగి బండి వైపు నడిచాడు. వాకిట్లో అందరూ చూస్తుండగానే తలుపు తెరిచి లోపల కూర్చున్నాడు. ఆర్కాది పరుగెత్తుకొచ్చి అద్దం తట్టాడు. ఇలారియోన్ అద్దం దించలేదు. ముసలమ్మ గేటు చువ్వ పట్టుకుని నిలబడింది, అతను వెళ్ళిపోతే ఆపే హక్కు తనకు లేదనుకుంటూ.

బండి కదల్లేదు. కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. ఇలారియోన్ గ్లికేరియాను పట్టించుకోకుండా మనవడి దగ్గరికే వెళ్ళాడు.

"ఆ పిల్లను నువ్వు చేసుకోవాలనుకుంటున్నావా?"

"అనుకుంటున్నాను తాతా."

"అయితే పద గుడికి. నువ్వు కూడా రా అక్కా. పిల్లలకు అడ్డం పడటానికి నేను ఇంత దూరం రాలేదు."

గుడి లోపల మైనం వాసన. ఫాదర్ అంతా విన్నారు. గడ్డం సవరించుకుంటూ అన్నారు: "నమ్మాలనే ఉంది గ్లికేరియమ్మా. కానీ ఈ పెళ్ళి ఆగకూడదని ఊరంతా అనుకుంటోంది. పేరు లేని కథ ఎవరైనా అల్లగలరు. తల్లి ఎవరు? బాప్తిస్మంలో బిడ్డకు ఇచ్చిన పేరేమిటి? ఈ శిలువ మీద చెయ్యి వేసి చెప్పండి."

"చెప్పలేను."

"అయితే నేనూ కిరీటాలు పెట్టలేను."

ఇలారియోన్ పక్కకు వచ్చి, చలికి గట్టిపడిన తన అరచేతిలో ఆమె చెయ్యి పెట్టుకున్నాడు. "నా పేరు ఇలారియోన్. కొత్త పేరు నాకొద్దు. ఆయన చెవిలో చెప్పు. నేను వినను. నేను వినకపోతే అది నాది కాదు."

"అది వింటుందిరా."

"వింటే నా దగ్గరికే కదా వచ్చేది. రానీ, అక్కా."

ఆమె ఎడమచెయ్యి అతని చేతిలోనే ఉంచి, కుడిచెయ్యి శిలువ మీద వేసింది. ఫాదర్ వంగారు. గాలి కంటే మెల్లగా ఆయన చెవిలో రెండు పేర్లు చెప్పింది, తల్లిదీ బిడ్డదీ. పేరు నోరు దాటగానే గట్టిగా కళ్ళు మూసుకుంది. ఇలారియోన్ వేళ్ళు ఆమె వేళ్ళను అలాగే పట్టుకుని ఉన్నాయి, వెచ్చగా. ఫాదర్ లేచి నిలబడి, "రేపు పదకొండింటికి," అన్నారు. ఇంకేమీ అడగలేదు.

పెళ్ళి జరిగింది. కిరీటాలు పెట్టేటప్పుడు ఆర్కాది అనీసియా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడో అందరూ చూశారు. గ్లికేరియా మాత్రం పెళ్ళి చూడలేదు. ఆమె చూపంతా ఇలారియోన్ మీదే. అతను దగ్గితే లేచి నిలబడింది. నృత్యంలో అతను చెయ్యి కలపబోతే, "నీకు బుద్ధుందా, కూర్చో," అని కసిరింది. అతను వినలేదు. చెమటలు కక్కుతూ రెండు చుట్లు తిరిగి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఇంకా ఉన్నాను," అన్నాడు.

"వాగకు."

సోమవారం తెల్లారగానే ఆమె అతని గది తలుపు తోసింది. మంచం ఖాళీగా ఉంది. వాకిట్లోకి పరుగుపెట్టినంత పని చేసింది. అతను బావి గట్టు మీద అద్దం ఆనించి గడ్డం గీసుకుంటున్నాడు.

"ఆవిడ ఎక్కడుంది?" అన్నాడు అద్దంలోంచే చూస్తూ.

ఎవరని ఆమె అడగలేదు. శ్మశానం వెనక గోడ వారకు తీసుకెళ్ళింది. అక్కడ చెక్క శిలువ ఎప్పుడో కుళ్ళిపోయింది. గడ్డి ఎత్తుగా పెరిగింది. గ్లికేరియా ఏటా అక్కడ ఒక కొవ్వొత్తి వెలిగించేది, ఎవరైనా చూస్తే తప్పు సమాధి దగ్గర వెలిగించానని చెప్పేది. ఇలారియోన్ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో గడ్డి పీకడం మొదలుపెట్టాడు. ఆమె కూడా పక్కన వంగింది. నేల కనబడేదాకా పీకి, చేతులు దులుపుకుని లేచారు.

ఆ మంగళవారం అతను సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం గుడి వదిలాక ఫోన్ చేస్తాడు. ఫోన్ మోగగానే ఆమె ఎత్తుతుంది, కానీ పలకదు. అవతల అతని గొంతు వినబడే వరకూ ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది.

"అక్కా."

"దగ్గుందా?"

"లేదు."

"అబద్ధం చెప్పకు," అని, అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.