పైకి రావడమంటే ఎటు

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే గుండీలక్క చేసే మొదటి పని, రెండు కుట్టుమిషన్ల కాళ్ళ కిందా ఆపుచెక్కలు గట్టిగా ఉన్నాయో లేదో కాలితో తన్ని చూడటం. ఊడ్చడం, నీళ్ళు పట్టుకోవడం ఆ తర్వాతే. ఎందుకంటే ఆ ఊళ్ళో నేల రాజధాని వైపు వాలి ఉంటుంది. కొండవాలు లాంటిది కాదు, కంటికి కనబడదు. కానీ గుండీ చేజారిందంటే గడప దాటి, వీధి దాటి, రాజధాని రోడ్డు పట్టుకుని పోతూనే ఉంటుంది. దారం రీలైతే దారం విప్పుకుంటూ మరీ పోతుంది. అందుకని అక్క ఎడమకాలు ఎప్పుడూ గడప వైపు చాపి కూర్చునేది. ఏది దొర్లినా ఆ కాలికి తగిలి ఆగాలి.

ఆ ఊళ్ళో అందరూ కాస్త వెనక్కి వాలి నడుస్తారు. పాలగిన్నె కింద ఒక చెక్క, మంచం కోడు కింద ఒక చెక్క. ఆ చెక్కలు చేసిపెట్టే వడ్రంగిని ఆపుల మామ అంటారు. ఊళ్ళో ఎవరి పని ఆగినా అతని పని మాత్రం ఆగదు.

మనుషులదీ ఇదే తీరు. చదువు పూర్తయిన పిల్లలు కొన్నాళ్ళు ఇంటి మెట్ల మీద కూర్చుని, ఒకరోజు చల్లగా జారుకుంటారు. ఫలానా వాళ్ళమ్మాయి వెళ్ళింది అని ఎవరూ అనరు, జారింది అంటారు. దిగడం అంత తేలిక మరి. పొద్దుటి బస్సు డ్రైవరు ఇంజను కూడా వెయ్యడు. బ్రేకు వదిలితే చాలు, రాజధాని వచ్చేదాకా బస్సు దానంతటదే పోతుంది. ఎక్కి రావడమే కష్టం. జారినవాళ్ళు వచ్చే సెలవులకి వస్తామంటూనే ఉంటారు.

అలా తిరిగి ఊరికి రావడాన్ని అక్కడివాళ్ళు పైకి రావడం అంటారు. లోకంలో బాగుపడటాన్ని కూడా పైకి రావడమే అంటారని వాళ్ళకి తెలియక కాదు. బళ్ళో పుస్తకాలు చెప్పేది ఆ అర్థమే. ఇంటి అర్థం ఇంట్లో, బడి అర్థం బళ్ళో, రెండూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా చాలాకాలం బతికాయి. మంత్రిగారు వచ్చి మాట్లాడిన రోజునే చిక్కొచ్చిపడింది.

బస్టాండు పక్కన కట్టిన కొత్త భవనం ముందు బల్ల వేయించుకుని ఆయన ఇలా అన్నారు: "రాజధాని ఒక్కటే బరువెక్కిపోయింది. ఆఫీసులన్నీ అక్కడే, ఉద్యోగాలన్నీ అక్కడే. ఇక అలా కుదరదు. అన్ని ప్రాంతాలకీ సమంగా సర్దుతాం. నీటి సరఫరా శాఖ మొత్తం ఈ భవనంలోకి తరలి వస్తుంది. మీ ఊరిని పైకి తెచ్చే పూచీ నాది."

మాటల మధ్యలో ఆయన మంచినీళ్ళ గ్లాసు బల్ల అంచుకి జారింది. ఆపుల మామ లేచి వెళ్ళి దాని కింద చెక్క దూర్చి, "ఇంకా పైకా బాబూ?" అన్నాడు.

"అవును. ఇంకా ఇంకా పైకి."

"ఉన్న ఎత్తుకే చెంబు నిలవట్లేదు. ఇంకా పైకి తెస్తే మంచాలెవరు పట్టుకుంటారు?"

మంత్రిగారు నవ్వారు. "పైకి తేవడమంటే అభివృద్ధి చెయ్యడం, పెద్దాయనా."

"అది సరే. ఎన్ని అడుగులు?"

ఆయన నవ్వుతూనే అందరికీ దండం పెట్టారు. సభ ముగిసింది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరైనా పైకి అంటే, ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఇది ఏ పైకి అని ఆలోచించడం మొదలుపెట్టారు.

గుండీలక్క చెల్లెలు మాత్రం ఆ సభ నుంచి తేలిపోతూ ఇంటికొచ్చింది. నీటి సరఫరా శాఖ పరీక్ష ఆ అమ్మాయి అప్పటికే పాసైంది. శాఖ తరలి రాగానే చేరొచ్చన్నారు. అమ్మా నాన్నా పోయాక ఆ పిల్లని అక్కే పెంచింది. కిందా మీదా పడి చదివించింది. ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని చెల్లెలు రెండో మిషను దగ్గర కూర్చుని కాజాలు కుట్టేది. ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అనుకుంటుండగానే భవనం గోడల రంగు వెలిసిపోయింది.

అప్పుడు రాజధానిలోని ఒక బట్టల కంపెనీ నుంచి కబురొచ్చింది, కాజాల పనికి వెంటనే రమ్మని.

"ఏం చెయ్యమంటావక్కా?" అని అడిగింది చెల్లెలు.

అక్క ఆ సమయంలో పెళ్ళివాళ్ళ కోటు ఒకటి ముందేసుకుని ఉంది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి. వాటి సందులోంచే, "నాదేముందే, నువ్వు పైకి రావాలి, అంతే," అంది.

చెల్లెలు కాసేపు అక్క ముఖం చూసి, లోపలికెళ్ళి పెట్టె దించింది. పెట్టె చప్పుడు విన్న అక్క ఏదో అనబోయింది. సూదులు తీసి డబ్బాలో వేసేసరికి ఆ పిల్ల అప్పటికే చీరలు మడతపెడుతోంది.

ఆ వారంలోనే కొత్త భవనానికి లారీలు రావడం మొదలైంది. మూలుగుతూ ఎక్కేవి, ఇనప బీరువాలు దించేవి, ఖాళీగా దొర్లిపోయేవి. ఆపుల మామ వెళ్ళి కాపలావాడిని అడిగాడు.

"ఆఫీసొచ్చేసిందా?"

"బీరువాలొచ్చాయి."

"మనుషులో?"

"ఆలోచించుకుంటున్నారట."

"వీటిలో ఏముంది?"

"తాళాలు రాజధానిలో ఉన్నాయి మామా. నన్నడిగితే నేనేం చెప్పను, నేనూ బయటే ఉన్నాగా."

మామ ఆ సంగతంతా కొట్టుకొచ్చి చెప్పాడు. "మరైతే నా ఉద్యోగం వచ్చినట్టా, రానట్టా?" అంది చెల్లెలు. మామ గడ్డం గోక్కున్నాడు. "బరువైతే వచ్చిందమ్మా," అన్నాడు.

ప్రయాణం రోజు పొద్దున అక్క పెట్టె మోసుకుని బస్టాండుకి వెళ్ళింది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుంది. పెట్టె దొర్లకుండా దాని కింద, సాగనంపడానికి వచ్చిన మామ ఇచ్చిన చెక్క పెట్టింది. బస్సు నిండిపోయింది. పక్కన భవనం దగ్గర ఆఖరి లారీలోంచి ఆఖరి బీరువా దించుతున్నారు. అది నేలకి ఆనినప్పుడు అరికాళ్ళకి తెలిసేటంత చప్పుడైంది.

డ్రైవరు బ్రేకు వదిలాడు. బస్సు కదల్లేదు.

ఇంకోసారి పట్టి వదిలాడు. కదల్లేదు. కిందికి దిగి చక్రాల కిందికి వంగి చూశాడు.

"ఆపు పెట్టిందెవరు? మామా, నీ పనేనా?"

"నాకేం పట్టింది. చెక్క లేదు చూడు."

"మరి ఎందుకు పోదు?"

"దాన్నే అడుగు."

జనం దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే తడబడ్డారు. పుట్టినప్పటి నుంచి వెనక్కి వాలి నడిచిన మనుషులకి ఆ వేళ వెనక్కి పడబోతున్నట్టుంది. ఒకాయన చేతిలోని చెంబు నేలమీద పెట్టి చూశాడు. చెంబు పెట్టినచోటే నిలబడింది. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టాడు. అక్కడా నిలబడింది.

"ఇంజను వెయ్యి," అన్నారెవరో.

"డీజిలుండాలిగా. దిగడానికి డీజిలెందుకని నేను రాజధానిలోనే పోయిస్తాను," అని డ్రైవరు డబ్బా పట్టుకుని ఊళ్ళోకి బయల్దేరాడు. నాలుగడుగులు వేసి, వాలు తెలియక, దారి తప్పినవాడిలా ఆగి అటూ ఇటూ చూశాడు.

చెల్లెలు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అక్కా, ఒక మాట అడుగుతాను. నువ్వు పైకి రావాలన్నావే, అది ఎటు?"

"ఎటేమిటే? పైకంటే పైకే. వెళ్ళినా మళ్ళీ ఇంటికి రావాలని."

"నేను బాగుపడమన్నావనుకున్నాను. అంటే వెళ్ళమన్నావని."

"వెళ్ళమని నేనెప్పుడన్నాను?"

"మరి వద్దని ఎందుకనలేదు?"

"నువ్వు అప్పటికే పెట్టె సర్దుతున్నావుగా."

"నువ్వు పైకి రమ్మన్నావనేగా సర్దాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రోజూలాగే ఆ బస్సు బ్రేకు వదలగానే జారి ఉంటే, ఈపాటికి చెల్లెలు రాజధాని దారిలో సగం దూరం దాటేది. అక్క కొట్టుకొచ్చి కాలు చాపుకుని కూర్చునేది. ఆ ఒక్క మాటకి అర్థం ఏమిటో ఇద్దరిలో ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు.

"ఇప్పుడైనా చెప్పు. ఉండమంటావా?" అంది చెల్లెలు.

అక్క పెదాల మధ్య ఈసారి సూదుల్లేవు. "ఉండు," అంది. తర్వాత ఏదో సరిపోనట్టనిపించి, "నీకిష్టమైతేనే," అని కలిపింది. "రాజధానిలో మంచి జీతమట కూడానూ. నాకేం తెలుసు, ఉండమనడం సరైనదో కాదో."

"నాకూ తెలీదు," అంటూనే చెల్లెలు పెట్టె కిటికీలోంచి అందించింది.

డీజిలొచ్చింది. మొదటిసారి ఇంజను వేసుకుని బస్సు రాజధానికి బయల్దేరింది. కొందరు ఎక్కారు, కొందరు చెంబుని చూస్తూ నిలబడిపోయారు. వెలవెలబోతున్నది ఆపుల మామ ఒక్కడే. సంచీలో కొత్తగా చేసిన చెక్కలున్నాయి. అంతలో కాపలావాడు కేకేసి, బీరువాలు కుదురుగా లేవు, ఒకటో రెండో చెక్కలు కావాలన్నాడు. మామ ముఖం విప్పారింది.

అక్కాచెల్లెళ్ళు కొట్టుకి నడిచారు. బీరువాల బరువుకి సమమైపోయిన దారి మీద రెండుసార్లు తూలి, ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు.

"రేపు వాళ్ళొచ్చి బీరువాలు మళ్ళీ పట్టుకుపోతేనో?" అంది చెల్లెలు.

"పట్టుకుపోవచ్చు."

"మనుషులే వస్తేనో?"

"రావచ్చు."

కొట్టులో పెళ్ళివాళ్ళ కోటు అలాగే ఉంది. అక్క గుండీల డబ్బా తీస్తుంటే ఒకటి చేజారింది. అలవాటుగా ఎడమకాలు గడప వైపుకి పోయింది. గుండీ నేలమీద గిర్రున తిరిగింది, కాసేపు అటూ ఇటూ ఊగింది. ఎటూ పాలుపోనట్టు, చివరికి ఉన్నచోటే వెల్లకిలా పడుకుంది. చాచిన కాలు చాచినట్టే ఉంచి అక్క దాన్నే చూస్తూ ఉండిపోయింది.

చెల్లెలు వంగి గుండీ తీసి, కోటు మీద కాజాకి ఎదురుగా పెట్టి పట్టుకుని, సూది ఇమ్మంది.