రెండో గడియారం

“ఇంకా నలభై ఒకటో పేజీ దగ్గరే ఉన్నావా?” అన్నాడు భర్త, తిన్న పళ్లాన్ని ఆమె అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల మీద పెడుతూ.

ఆమె మూడు వారాలుగా అక్కడే ఉన్న మాట నిజమే. పదకొండేళ్లుగా ఆఫీసులో ఆమె పని టెస్టింగ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకాలి, ఎవరి మనసూ నొచ్చుకోకుండా వాటిని రాసి పంపాలి. ఇకమీదట ఆ పని యంత్రాలే చేస్తాయనీ, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో పరీక్ష పాసైనవాళ్లను మాత్రం ప్రోగ్రామర్లుగా ఉంచుకుంటామనీ మేనేజరు చెప్పాడు. గడువు ఆరు వారాలు. మొదటినుంచి నేర్పే పుస్తకం ఏదైనా చూసి కొనుక్కుంటానంటే, భర్త తన కాలేజీనాటి పుస్తకం దుమ్ము దులిపి చేతిలో పెట్టాడు. “నేను ఇది చదివే పైకొచ్చాను. ఇది అర్థం కాకపోతే నీకింకేదీ అర్థం కాదు.”

నలభై ఒకటో పేజీలో గడియారాల ఉదాహరణ ఉంది. గడియారం అనే క్లాసు, అంటే ఒక నమూనా రాసి, దాన్నుంచి రెండు గడియారాలు చేస్తారు. రెండూ ఆరు గంటలే చూపిస్తాయి. మొదటిదాన్ని తొమ్మిదికి తిప్పినా రెండోది ఆరు దగ్గరే ఉండాలంటుంది పుస్తకం. దాని కింద భర్త ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, ‘చాలా ముఖ్యం’ అని రాసుకున్నాడు. లంచ్ టైములో ఆఫీసు కంప్యూటరు మీద ఆమె నాలుగుసార్లు టైపు చేసి చూసింది. నాలుగుసార్లూ రెండు గడియారాలూ తొమ్మిదే చూపించాయి. ఇంటికొచ్చి చెబితే, “చూసి ఎక్కించడం కూడా రాకపోతే ఎలా?” అని నవ్వాడు. “పోనీలేరా, పిల్ల పనీ ఇంటి పనీ దాని బుర్రకి చాల్లే” అని వెనకేసుకొచ్చారు అత్తగారు. ఆ వెనకేసుకురావడమే ఎక్కువ గుచ్చుకుంది. కూర తరుగుతున్నా, కూతురికి జడ వేస్తున్నా, ఆ గడియారాలే కళ్లముందు తిరిగేవి. ఎక్కడ తప్పు చేస్తున్నాను? వయసైపోయిందా? నిజంగానే నా బుర్ర ఇంతేనా? ఆఫీసులో ఒక్క చుక్క అటూ ఇటూ అయినా పట్టేసే మనిషికి, తప్పు తనది కాకపోవచ్చన్న ఆలోచన ఇంట్లో ఒక్కసారీ రాలేదు.

శనివారం కూతుర్ని ఈత క్లాసులో దింపాక గంట వ్యవధి దొరికింది. కాళ్లు ఒకచోట నిలవక ఎదురుగా ఉన్న పుస్తకాల షాపులోకి వెళ్లి, మొదటినుంచి ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాల అర ఎక్కడని అడిగింది.

“బాబుకా, పాపకా మేడమ్?” అని అడిగాడు షాపతను.

“నాకే.”

అతను స్టూలు జరిపి, ఆ అరలో ఉన్నవన్నీ తీసి ముందు పెట్టాడు. ఒకటి మరీ లావు. ఇంకోటి నిండా బొమ్మలే, విషయం లేదు. మూడోది తెరిస్తే కాఫీ కప్పుల ఉదాహరణ. దాని కింద రచయిత్రి ఇలా రాసింది: “రెండోదాన్ని కొత్తగా తయారు చెయ్యమని విడిగా చెప్పండి. చెప్పకుండా ‘రెండోది అంటే మొదటిదే’ అని రాస్తే రెండో కప్పు పుట్టదు. మొదటిదానికే ఇంకో పేరు వస్తుంది.”

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. సంచిలోంచి భర్త పుస్తకం తీసి పక్కన పెట్టి, వరసవరసా వేలు పెట్టి పోల్చింది. రెండో గడియారాన్ని కొత్తగా తయారు చెయ్యమనే మాట అందులో లేదు. అచ్చులో పోయింది. కంప్యూటరు నాలుగుసార్లూ నిజమే చెప్పింది. భర్త ఆ మాటల కింద గీతలు గీశాడే గానీ, ఒక్కసారి కూడా ఆ ప్రోగ్రామును కంప్యూటరు మీద నడిపి చూడలేదు. నవ్వొచ్చింది. ఆ వెనకే, ఈ మూడు వారాలూ తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది. మూడో పుస్తకమే కొంది.

సాయంత్రం హాల్లో దాన్ని చూసి భర్త మొహం ముడుచుకున్నాడు. “ఇదెవరు కొనమన్నారు?”

“నేనే చూసి తెచ్చుకున్నాను. మీ పుస్తకంలో ఇక్కడ తప్పుంది.”

అతను ఆ పేజీని వేలు పెట్టి చదివాడు. “అచ్చుతప్పేలే” అన్నాడు. “నాకు తెలుసు, చెప్పడం మర్చిపోయాను. సరే, ఇకమీదట ఏ డౌటొచ్చినా ముందు నన్నడుగు.”

అలాగేనండీ అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది.

“అడగను” అంది ఆమె.

గొంతు పెంచలేదు. అయినా పక్క గదిలో అత్తగారు టీవీ సౌండు తగ్గించారు.