కంబన్న దాచిన జబ్బు

కంబన్నకు గజ్జల్లో పేగు జారుతుందన్న సంగతి ఊళ్లో పెళ్లాం బసమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు బయటికొచ్చేది. వెల్లకిలా పడుకొని చేత్తో ఒత్తుకుంటే లోపలికి పోయేది. మగ్గం గుంతలో కూర్చొని తొక్కీ తొక్కీ నాలుగేండ్లలో అది జామకాయంత అయింది.

పొరుగూరి నాటువైద్యుడు పెట్టిన వాతలు మానాయి గాని ఉబ్బు మానలేదు. ఎండాకాలంలో మిషను దవాఖానా కాంపౌండరు ఏసన్న ఊరికొస్తే, కంబన్న చాటుగా చూపించుకున్నాడు.

"పోగులు తెగినకాడ బట్ట పలచనై సందు పడతాది గదప్పా, నీ కడుపు గోడకూ అట్లే పడింది. మత్తిచ్చి కోసి, పేగును లోపలికి నెట్టి, గోడ కుట్టేస్తారు. ఎప్పుడన్నా పేగు ఆ సందులో బిగుసుకుంటే మాత్రం గడియ ఆగొద్దు," అన్నాడు ఏసన్న.

కంబన్న ఊ కొట్టాడు. ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పనని బసమ్మతో ఒట్టు వేయించుకున్నాడు. అదే జబ్బున్న నాగన్నకు పక్కింటి గిడ్డయ్య 'బుడ్డ నాగన్న' అని పేరు పెడితే, ఆయన చచ్చినాక పాడె మోసినవాళ్లు కూడా ఆ పేరే పలికారు.

కార్తీకంలో ఒకనాడు పొద్దున్నే వీధిలో పడుగు సాగదీశారు. గంజి పట్టించిన నూలును కుంచెలతో దువ్వి ఆరబెట్టేదాకా ఎవరూ కదలడానికి లేదు. మధ్యలో వదిలితే పోగులు అంటుకుపోతాయి. కొసను గుంజకు బిగించి లాగుతూ లాగుతూ కంబన్న ఉన్నట్టుండి ఆగిపోయాడు. ముఖం నిండా చెమట.

"ఏమన్నో, రాత్రి వదిన నిద్ర పోనీలేదా?" అన్నాడు గిడ్డయ్య. వీధంతా నవ్వింది. కంబన్నా నవ్వాడు.

బసమ్మ ఆయన దగ్గరికి పోయి, "పనుకో పో. పడుగు పోతే పోనీ," అంది మెల్లగా.

"నోరు మూసుకోమే. ఒట్టేసినావు."

ఆమె నోరు మూసుకొని, కుంచె తీసుకొని ఆయన పక్కనే దువ్వింది.

పడుగు ఆరినాక కంబన్న ఇంటికొచ్చి పడుకొని ఎంత ఒత్తినా ఉబ్బు లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. రెండు దినాలు బసమ్మ ఉప్పు మూటతో కాపడం పెట్టింది. అడిగినవాళ్లకు కడుపునొప్పి అని చెప్పింది. మూడోనాడు ఆయన పసరు కక్కుతుంటే, మాట వినకుండా బండి కట్టించింది.

దవాఖానాలో డాక్టరు కోసి చూశాడు. ఏసన్న బయటికొచ్చి తల వంచుకున్నాడు. "పేగు నల్లబడిపోయిందమ్మా. నొప్పి పుట్టిన దినమే వచ్చింటే బతికించేవాళ్లం."

మరునాడు మధ్యాహ్నం కంబన్న పోయాడు.

దినాలనాడు అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఎవరో, "ఏం నొప్పో ఏమో పాపం," అన్నారు.

బసమ్మ గడపలోకి వచ్చింది. "పేగు జారింది. నాలుగేండ్ల నుంచి నాకు తెలుసు. మీరంతా నవ్వుతారని ఒట్టేయించుకున్యాడు. నేను నోరు మూసుకొని మనిషిని సంపుకుంటి."

ఒక్కొక్కరే లేచిపోయారు. గిడ్డయ్య మాత్రం పంచె ముడి పట్టుకొని నిలబడిపోయాడు.

"వదినా, ఆ దవాఖానా యాడుండాది?"

బసమ్మ చూపు ఆ పంచె ముడి మీద పడింది. "ఎన్నాళ్ల నుంచి నీకు?"

"నాగన్నకు పేరు పెట్టకముందు నుంచే."

తిట్టు నోటిదాకా వచ్చింది గాని ఆమెలో ఓపిక లేదు. వంక దాటి ఎడమకు తిరగాలని, ఆ బాటే పట్టుకొని పన్నెండు మైళ్లు పోవాలని చెప్పింది.

"రేపు పోతాలే," అన్నాడు గిడ్డయ్య.

"రేపు గాదు. బండి కట్టు, నేనూ వస్తా," అని బసమ్మ చెంగు బిగించుకుంది.