స్వామికి పానకం

శ్రావణ సోమవారం ఉదయం. ఆదోని బస్టాండుకు దగ్గరలో ఉన్న ఆ మందుల దుకాణం తలుపులు తెరిచీ తెరవకముందే గడప ముందు జనం గుమిగూడారు. తలంటుకున్న తడి జుట్లు, నుదుట విభూతి రేఖలు, చేతుల్లో ఖాళీ అయిన మాత్రల అట్టలు. ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయే బస్సు హారను కొడుతోంది.

"ఇట్లాంటివే ఇయ్యి పాపా, బిర్న ఇయ్యి. బస్సు పోతాండాది."

లోపల నిలబడిన మహాదేవి అట్టను చూసింది. షుగరు మాత్రలు. అరలోంచి కొత్త అట్ట తీసి ఇస్తూ అడిగింది.

"తిని ఏసుకుంటాండావు గదా పెద్దమ్మా?"

"ఊఁ."

ఆమె వెళ్లింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకాయన. అదే ప్రశ్న, అదే "ఊఁ".

పాఠకులారా, ఈ "ఊఁ"ను మీరూ విని ఉంటారు. బహుశా ఎప్పుడో ఒకసారి అని కూడా ఉంటారు. మందుల దుకాణంలో డబ్బు చేతులు మారుతుంది, మందు చేతులు మారుతుంది, మాట మాత్రం మారదు. ఇచ్చేవారికి తీరిక లేదు, పుచ్చుకొనేవారికి ఓపిక లేదు. ఆ రెంటి నడుమ ఒక ప్రాణం ఊగిసలాడుతుందన్న సంగతి ఇద్దరికీ తెలియదు.

మహాదేవికి మాత్రం ఈ మధ్యనే తెలియసాగింది.

ఆమెది ఎమ్మిగనూరు. మగ్గం చప్పుడులో పుట్టి, మగ్గం చప్పుడున్న ఇంటికే కోడలయింది. ఫార్మసీ డిగ్రీ చదివి, రోజూ బస్సెక్కి ఆదోనికి వచ్చి ఈ దుకాణంలో పనిచేస్తోంది. అరలో ఏ మందు ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పగలదు. అయితే ఆ మందు మనిషిలోకి వెళ్లిన తర్వాత ఏం చేస్తుందో, ఎవరికి మేలై ఎవరికి కీడవుతుందో తెలుసుకోవాలన్న దాహం ఆమెను నిలవనీయలేదు. ఉద్యోగం మానకుండానే చదువుకొనే ఫార్మసిస్టుల కోసం ఒక కళాశాలవారు డాక్టరేటు కోర్సు పెట్టారని తెలిసి చేరింది. పాఠాలు సాయంత్రాలు సెల్‌ఫోనులో. ఆదివారాలు కర్నూలు ఆసుపత్రి వార్డుల్లో. చివరి ఏడు, తమ ప్రాంతపు జనం మందులు ఎలా వాడుతున్నారో వారితోనే మాట్లాడి, రాసి సమర్పించాలి. వచ్చే పోయే బస్సే ఆమెకు చదువుల గది. కిటికీ పక్క సీటే ఆమెకు బల్ల.

భర్త రాఘవేంద్ర నేతగాడు. "నేను మగ్గం గుంతలో కూసుంటాను, నువ్వు బస్సులో కూసుంటావు. ఇద్దరిదీ కూసునే పనే. సదువుకో పో" అని నవ్వేవాడు.

వీధి మాత్రం అంత తేలికగా నవ్వలేదు.

"ఈరమ్మక్కా, మీ కోడలు డాక్టరమ్మ అయితాదంట గదా! సూది ఏసేకి వచ్చునా?" పక్కింటి పుల్లమ్మ నూలు చుడుతూ అడిగింది ఒకనాడు.

"రాదంటలేమ్మే" అంది అత్త ఈరమ్మ.

"సూది ఏసేకి రాని డాక్టరు యాడైనా ఉంటాదా? పోగును అటూ ఇటూ ఆడించే నాడె లేని మగ్గం మాదిరి!"

అందరూ నవ్వారు. ఈరమ్మ కూడా నవ్వింది. లోపల రొట్టె తడుతున్న మహాదేవి చేయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ తట్టసాగింది.

శ్రావణం మొదలయ్యే ముందు ఈరమ్మ తేల్చి చెప్పేసింది. "సూడు పాపా, ఈ శ్రావణంతో నీ సదువు అయిపోవల్ల. ఆదివారమన్నా ఇంట్లో ఉండే కోడలు మాకొద్దా? ఇంకో ఏడు అంటే నా చేత కాదు."

మహాదేవి తలూపింది. ఇంకొక్క అడుగే కదా అనుకుంది. ఆ అడుగే పడలేదు.

ఆమె ఎంచుకున్న విషయం ఇది: శ్రావణ సోమవారాల్లో ఒక్కపొద్దు ఉండేవారు షుగరు మాత్రలు ఎలా వేసుకుంటున్నారు? చక్కెరను దించే కొన్ని మాత్రలు ఖాళీ కడుపులో పడితే, దించడానికి ఏమీ లేక మనిషినే దించేస్తాయి. అందుకని దుకాణంలో అడిగింది, వీధిలో అడిగింది, ఇంట్లో షుగరు మాత్రలు వాడే అత్తనూ అడిగింది. ఒక్కరైనా ఒక్కపొద్దు ఉన్నామనలేదు.

ఆమె రాసి పంపినది చూసి గురువు అరుణకుమారి ఫోను చేసింది.

"మహాదేవీ, ఉరుకుంద పక్కన ఉండి, శ్రావణమాసంలో, ఒక్కరూ ఉపవాసం లేరా? నువ్వే నమ్ముతున్నావా?"

"అట్లే చెప్తున్నారు మేడం."

"నువ్వు అడుగుతున్నావు, వాళ్లు జవాబు చెప్తున్నారు. అంతేగానీ మీరు మాట్లాడుకోవడం లేదమ్మా. ఇలాగే పంపితే తిప్పి పంపుతారు. మళ్లీ శ్రావణం దాకా ఆగాలి."

మహాదేవికి కారణం తెలియక కాదు. ఆ సీమలో పుట్టిన పిల్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? మొక్కును నోటితో బయటపెడితే ఫలం పోతుంది. ఒక్కపొద్దు ఉన్నామంటే "ఏం మొక్కుకున్నావు?" అన్న మాట వెంటనే వస్తుంది. కాబట్టి ఉపవాసాన్నే దాచిపెడతారు. డాక్టరు ముందు దాస్తారు, మందులిచ్చే మనిషి ముందు దాస్తారు, ఇంట్లోవాళ్ల ముందు దాస్తారు. ఇక ఆమె ఏ నోటితో గుచ్చి గుచ్చి అడుగుతుంది? అసలే మెత్తని గొంతు, ఆ పైన సిగ్గు.

చివరి సోమవారం వచ్చింది. ఆ వీధివాళ్లంతా ప్రతియేటా కలిసి ఉరుకుందకు పోవడం ఆనవాయితీ. ముందు నడిచేది వీధి పెద్ద కాశప్ప. దుకాణానికి సెలవు పెట్టి మహాదేవీ వెళ్లింది. చదువు ఎలాగూ చేజారిపోతోంది, దేవుణ్ణైనా చూసి వద్దామనుకుంది.

బస్సులు దిగిన జనం ఏరులా పారుతున్నారు. ఈరమ్మ నెత్తిన నైవేద్యపు బొబ్బట్లు, వాళ్ల మాటలో ఓళిగలు, ఉన్న గిన్నె. స్వామికి చూపనిదే ఎవరూ ముట్టరు. వరుస కదలదు, ఎండ తగ్గదు. మధ్యాహ్నం వాలుతుండగా ఈరమ్మ నడక తడబడింది. గిన్నెను కోడలికి అందించబోయి పక్కకు, గాలిలోకి చాచింది. జారబోయిన గిన్నెను మహాదేవి ఒడిసి పట్టుకుంది. ఉన్నట్టుండి ఎవరి మీదో అరిచింది. కళ్లు ఎటో చూస్తున్నాయి. ఒళ్లంతా వణుకు. నేల మీద కూలబడి ఏవో ముక్కలు ముక్కలుగా మాటలు పలకసాగింది.

"స్వామి వచ్చినాడు!" పుల్లమ్మ కేక వేసింది. "ఈరమ్మక్క మీదికి ఈరన్న వచ్చినాడు!"

జనం చీలి చుట్టూ నిలిచారు. ఎవరో నుదుట కుంకుమ అద్దారు, ఎవరో కర్పూరం వెలిగించారు. చేతులన్నీ జోడయ్యాయి.

"స్వామీ, మావాడికి పెండ్లి ఎప్పుడైతాది సామీ?"

"మా బోరులో నీళ్లు పడతాయా తండ్రీ?"

మహాదేవి అత్త అరచేతిని పట్టుకుంది. అంత ఎండలోనూ అది చల్లగా, చెమటతో జారిపోతోంది. వేళ్లు వణుకుతున్నాయి. ఆదివారాలు ఆసుపత్రి వార్డుల్లో ఆమె ఈ చెమటను చూసింది, ఈ చూపును చూసింది, ఈ తడబడే మాటను విన్నది.

"అత్తా! పొద్దున తింటివా? మాత్ర ఏసుకుంటివా?"

"ఊఁ" అంది ఈరమ్మ.

అదే "ఊఁ". దుకాణంలో విన్న "ఊఁ".

"షుగరు పడిపోయింది. బెల్లం ఇయ్యండి, తొందరగా!"

పుల్లమ్మ అడ్డంగా నిలబడింది. "ఏమ్మే, బుద్ధుండాదా నీకు? నైవేద్యం కాకనే, స్వామి ఉన్న నోట్లో ఎంగిలి పెడతావా? కండ్లు పోతాయి!"

"అవునమ్మా, తప్పు తప్పు" అన్నాయి పది గొంతులు. రాఘవేంద్ర ఒకసారి తల్లిని, ఒకసారి పెళ్లాన్ని చూసి, ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు.

వాదించవచ్చు. మాత్ర గురించి, రక్తం గురించి పాఠం చెప్పవచ్చు. ఆ పాఠం ముగిసేలోగా వినవలసిన మనిషి మిగలదు. గురువు మాట చెవిలో మోగింది: మీరు మాట్లాడుకోవడం లేదమ్మా. మహాదేవి అత్త ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు జోడించింది. ఏనాడూ నలుగురిలో లేవని ఆ గొంతు ఆ రోజు లేచింది.

"కాశప్ప తాతా! ఇంటికి సుట్టమొస్తే ముందు కష్టాలు సెప్తారా, నీళ్లిస్తారా?"

"నీళ్లే ఇస్తారమ్మా" అన్నాడు కాశప్ప.

"మరి ఇంత ఎండన పడి దేవుడే వస్తే? దాహమా అని ఒక్కరన్నా అడగరే! పెండ్లిండ్లు, బోర్లు అడుగుతాండారే!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాశప్ప ముసలి కళ్లు మహాదేవి కళ్లలోకి చూశాయి. అక్కడ భక్తి ఉంది, భయం ఉంది, వేడుకోలు ఉంది. ఆయనకు అంతా అర్థమయిందో, సగమే అర్థమయిందో గానీ చేతికర్ర నేలకు తాటించాడు.

"పాప సెప్పింది నిజం. స్వామికి పానకం తెండప్పా!"

అందరికన్నా ముందు కదిలింది పుల్లమ్మే. కొంగు ముడి విప్పి, దేవుడికని తెచ్చిన బెల్లపు ముద్దను చెంబు నీళ్లలో పిసికింది. మింగగలుగుతోందని చూసుకుంటూ, మహాదేవి గుక్క గుక్కగా తాగించింది. ఒక గుక్క, ఆగి మరొక గుక్క. రాఘవేంద్ర తల్లి వీపుకు తన ఛాతీ ఆనించి, తువ్వాలతో నీడ పట్టాడు. కర్పూరం ఆరిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

మెల్లగా వణుకు తగ్గింది. చెమట ఆరింది. ఈరమ్మ కళ్లు ఎక్కడినుంచో తిరిగి వచ్చి మనుషుల మీద నిలిచాయి. చెంపలు తడుముకుంది.

"ఏమే పుల్లమ్మా, నా మొగం నిండా ఈ కుంకుమేంది? నన్నేమన్నా పెండ్లికూతుర్ని చేసినారా?"

గుంపంతా ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది. రాఘవేంద్ర నవ్వబోయి ఏడ్చేశాడు.

జాతరలో పెట్టిన వైద్య శిబిరానికి తీసుకెళ్లారు. వేలి కొసన రక్తపు బొట్టు తీసి చూసిన డాక్టరు, "తియ్యనిది వేళకు పట్టారు, బతికించుకున్నారు" అన్నాడు. మళ్లీ పడిపోకుండా వెంటనే కడుపునిండా పెట్టమన్నాడు. మాత్రల మోతాదు మార్చవలసి ఉందేమో వారి డాక్టరును కలిసి తెలుసుకోమన్నాడు. రాఘవేంద్ర పరుగున వెళ్లి స్వామికి నైవేద్యం చూపించి వచ్చాడు. శిబిరం నీడలో కూర్చొని ఈరమ్మ ఓళిగ తుంచింది.

"మాత్ర తిండి కాదు గదా పాపా. అది ఏసుకుంటే ఒక్కపొద్దు చెడదనుకుంటి. నీకు తెలిస్తే తినమంటావని సెప్పకపోతి."

"ఏం మొక్కుకుంటివి అత్తా?"

"సెప్పకూడదు."

"పానకం తాగి సగం చెడగొడితివి గదక్కా, మిగిలిందీ సెప్పేయ్" అంది పుల్లమ్మ.

ఈరమ్మ ఓళిగ వంకే చూస్తూ అంది. "నా కోడలి సదువు ఈ ఏడు గట్టెక్కల్లని."

ఏ చదువు కోసం అత్త ఉపవాసముందో, ఆ చదువు అడిగిన ప్రశ్నకే ఆమె నిజం దాచింది. నవ్విన నోటి వెనక ఇంత ప్రార్థన ఉందని కోడలికి తెలియదు. మింగిన మాత్ర వెనక ఇంత ప్రమాదం ఉందని అత్తకు తెలియదు. చెప్పుకొని ఉంటే ఇద్దరికీ తెలిసేది.

తిరుగు బస్సులో పుల్లమ్మ జరిగి జరిగి మహాదేవి పక్కకు వచ్చింది. "నేనూ అంతేనమ్మే. పోయిన సోమవారం మగ్గం కాడ కండ్లు తిరిగినాయి. స్వామి పరీక్ష పెడతాండాడనుకుంటి." వెనక సీటులోంచి ఒకామె, ముందు సీటులోంచి ఒకాయన. ఎమ్మిగనూరు వచ్చేదాకా బస్సంతా మాటే. "ఏం మొక్కుకున్నారు?" అని మహాదేవి ఎవరినీ అడగలేదు. "ఎప్పుడు తిన్నారు?" అని మాత్రమే అడిగింది. ఆ తర్వాతి వారాల్లో ఆ మాట వీధులు దాటింది. అడగకుండానే వచ్చి చెప్పేవారు ఎక్కువయ్యారు.

ఆ మాటలన్నీ చేర్చి మహాదేవి మళ్లీ రాసినదాన్ని ఎవరూ తిప్పి పంపలేదు. "ఇప్పుడు మీరు మాట్లాడుకున్నారు" అంది అరుణకుమారి.

పట్టా వచ్చిన రోజున ఈరమ్మ వీధంతా పానకం పంచింది, తాను మాత్రం తాగకుండా. పుల్లమ్మ చెంబు ఎత్తి పట్టుకొని, "సూది లేని డాక్టరమ్మా, నాడె లేకుండానే నేసినావు పో!" అంది. ఈరమ్మ ఈసారీ నవ్వింది. ఆ నవ్వులో మహాదేవీ కలిసింది.

ఆదోని దుకాణంలో ఇప్పుడు మహాదేవి పక్కన ఒక కుర్చీ ఉంటుంది, వచ్చినవారు కూర్చొని మాట్లాడడానికి. ఎవరైనా "ఊఁ" అంటే ఆమె వదలదు. "ఊఁ అంటే ఏం తిన్నట్టు పెద్దమ్మా? రొట్టెనా, సంగటా?" అంటుంది. నవ్వు వస్తుంది. నవ్వు వెంట నిజం వస్తుంది.

మరుసటి శ్రావణం వచ్చింది. వీధి మళ్లీ ఉరుకుందకు కదిలే ముందు కాశప్ప చేతికర్ర తాటించి అందరినీ నిలబెట్టాడు.

"అమ్మా, అప్పా, ఒక మాట. ఒక్కపొద్దు ఉండొద్దని నేను సెప్పను, అంత మొనగాణ్ణి కాదు. మాత్రలు మీకు మీరే మానుకోమనీ సెప్పను, అదీ ముప్పే. ఉండే ముందు అడగండి. మన మహాదేవినో, మీ డాక్టరునో, ఎవరినైనా గానీ తెలిసినోళ్లను అడగండి. స్వామి మన మనసులోది ఎరిగినోడు, ఆయనకు సెప్పకున్నా నడుస్తాది. మందిచ్చే మనిషి దేవుడు కాదప్పా, సెప్పకుంటే ఎరగదు. మొక్కు దేవునితో గుట్టుగా సెప్పుకోండి. మందు సంగతి మాత్రం మనిషితో నోరు తెరిచి సెప్పండి."